విసుగు పుట్టించే గొప్ప సినిమాలు, నలభయ్యో పేజీలో ఆగిపోయే నవలలు

ప్రశ్న: గొప్ప సినిమా అంటే ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన 'లావెంతూరా' పెట్టుకుని కూర్చున్నాను. తప్పిపోయిన అమ్మాయి ఏమైందో చివరిదాకా చెప్పనే లేదు. ఇలాంటివి నిజంగా నచ్చేవాళ్లు ఉంటారా, నచ్చినట్టు నటిస్తారా?

జవాబు: నటించేవాళ్లూ ఉంటారు లెండి. కానీ మీకు విసుగొచ్చిందని మీ అభిరుచిని అనుమానించుకోనక్కర్లేదు. 1960లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ఆ సినిమా వేసినప్పుడు హాల్లో నవ్వులు, గోల, వెక్కిరింపులు. అక్కడ కూర్చున్నవాళ్లంతా సినిమాల్లో పండిపోయినవాళ్లే మరి! మర్నాడు ఇంకో ఇటలీ దర్శకుడు రోసెల్లినితో సహా కొందరు సినిమావాళ్లు దర్శకుడికి మద్దతుగా సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు, అదే ఉత్సవంలో జ్యూరీ బహుమతీ వచ్చింది, 1962లో 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక విమర్శకులను అడిగి వేసిన ఉత్తమ చిత్రాల జాబితాలో ఏకంగా రెండో స్థానంలో నిలిచింది.

"అమ్మాయి ఏమైంది" అనే ఆరాటంతో చూస్తున్నంతసేపూ ప్రతి పొడుగాటి షాటూ మనకు అడ్డుపడుతున్నట్టే ఉంటుంది. ఈసారి ఆమెను వదిలేసి, వెతికేవాళ్లను చూడండి. మొదట ద్వీపంలో రాళ్ల మధ్య పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతారు, రానురాను ఆ వెతుకులాట కలిసి తిరగడానికి ఒక సాకైపోతుంది, ఆమె ప్రియుడూ స్నేహితురాలూ దగ్గరవుతారు, ఈలోపు ఆ అమ్మాయి సంగతి మనకే గుర్తుండదు. అక్కడ కాస్త గిల్టీగా అనిపించిందా, సినిమా మీకు పట్టుబడినట్టే. కథ ఎటు పోతుందోనన్న టెన్షన్ ఉండదు కాబట్టి ఇలాంటివి చాలామందికి రెండోసారి చూస్తేనే ఎక్కుతాయి.

ప్రశ్న: నవీన్ గారి 'అంపశయ్య' ఎప్పుడు పట్టుకున్నా నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోతున్నాను. ముందు ఎవరిదైనా వివరణ చదవాలా?

జవాబు: వద్దు. 1969లో వచ్చిన ఆ నవలంతా రవి అనే యూనివర్సిటీ విద్యార్థి ఒక్క రోజు, అదీ ఎక్కువగా అతని బుర్రలోనే నడుస్తుంది. ఒక ఆలోచన పూర్తికాకుండానే ఇంకోటి దూరుతుంది, ప్రతిదాని కొసా పట్టుకోవాలని చూస్తే తల తిరుగుతుంది. మన ఆలోచనలు మాత్రం వరసలో వస్తాయా ఏమిటి? అర్థంకాని చోట ఆగకుండా, వెనక్కి తిప్పకుండా, ఓ గంట తీరిక చూసుకుని ఏకబిగిన చదవండి. రాత్రి పడుకునేముందు రెండు పేజీల పద్ధతి దీనికి అస్సలు పనికిరాదు, రవి గొంతు చెవికి అలవాటయ్యేలోపే పుస్తకం మూసేస్తాం. మరీ చిక్కుగా ఉన్న పేరాని పైకి చదివితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుస్తుంది, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఇంతా చేసి వంద పేజీలయ్యాక కూడా రవి ఏమనుకుంటే మీకెందుకు అనిపిస్తే నిక్షేపంగా పక్కన పడేయండి.

ప్రశ్న: కష్టమైన సినిమాకి వెళ్లేముందు రివ్యూలు చదవచ్చా?

జవాబు: చూసొచ్చాక చదవండి. ముందే చదివితే ఆ రాసినాయనకి కనబడినవే మనకీ కనబడతాయి. ఏ ఏడాదిది, ఎంత నిడివి, ఈ రెండూ తెలిస్తే చాలు.