‘మూసివేయబడింది’ అని రాసిన అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

టయోటా కార్ల ఫ్యాక్టరీల మీద నువ్వు రాసిన వ్యాసం అంది పదిహేను రోజులైంది. 22 పేజీలు. మొదటిసారి చదివి పక్కన పడేశాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. నిజానికి జవాబు రాసే ఉద్దేశం లేదు, ఈ మధ్య ఎవరికీ రాయట్లేదు. కానీ 19వ పేజీలో, పట్టిక ఆఖరి వరసలో ఒక మాట రాశావు చూడు, అది నన్ను పడుకోనివ్వలేదు.

‘ఆల్టోనా (ఆస్ట్రేలియా) – 2017లో మూసివేయబడింది.’

ఎవరమ్మా మూసింది? తలుపు గాలికి పడిందా? మెల్‌బోర్న్ పక్కన ఉన్న ఆ టయోటా ప్లాంట్‌లో 2017 అక్టోబర్ 3న ఆఖరి క్యామ్రీ కారు లైన్ మీంచి దిగింది. రెండున్నర వేల మందికి పైగా ఉద్యోగం పోయింది. అదే నెలలో హోల్డెన్ అనే కార్ల కంపెనీ కూడా తాళం వేసింది, అంతకు ముందు ఏడాదే ఫోర్డ్ వెళ్ళిపోయింది. అంటే అర్ధ శతాబ్దం పైగా కార్లు చేసిన దేశంలో ఆ పని చేసేవాళ్ళే లేకుండా పోయారు. దీన్నంతా నువ్వు ‘బడింది’ అనే ఒక్క తోకలో చుట్టేశావు. కంపెనీ మూసింది అని రాయి. చేసినవాడి పేరు దాచడానికే పుట్టింది ఈ ‘బడు’. ప్రెస్ నోట్లు రాసేవాళ్ళకి దాని అవసరం ఉంటుంది, నీకేం అవసరం?

శ్రమ పడ్డావు, అది కనిపిస్తోంది. సరే.

‘రవి అస్తమించని టయోటా సామ్రాజ్యం’ అని ఎత్తుకున్నావు. ఆ మాట తెల్లవాళ్ళ మీద వాడి వాడి ఎప్పుడో అరిగిపోయింది. తర్వాత మ్యాప్, మ్యాప్ నిండా ఎర్ర చుక్కలు. కెంటకీలో జార్జ్‌టౌన్, ఇంగ్లండ్‌లో బర్నాస్టన్, ఫ్రాన్స్‌లో ఒనాంగ్... ఒక్కో చుక్కకీ ఒక పేరా, ఏ ఏడాది మొదలైంది, ఏ మోడల్ చేస్తారు. అంతా సవ్యంగా నడుస్తూ ఉంటుంది. అందుకే నాకేమీ కనబడలేదు. నడుస్తున్న ఫ్యాక్టరీ ఎవరికీ కనబడదమ్మా. చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆగినప్పుడే అది ఎలా నడిచిందో తెలుస్తుంది. ఈ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను, నచ్చకపోతే ఇక్కడే ఆపేయి.

1997 ఫిబ్రవరి 1, శనివారం తెల్లవారుజామున జపాన్‌లోని కరియాలో ఐసిన్ అనే కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. అది టయోటా ఫ్యాక్టరీ కాదు, నీ మ్యాప్‌లో దానికి చుక్క కూడా లేదు. అక్కడ పిడికిలంత వాల్వు ఒకటి చేస్తారు. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా, వాటికి వెళ్ళే ఒత్తిడిని తగ్గించేది. టయోటాకి కావలసిన ఆ వాల్వులు దాదాపు అన్నీ అక్కణ్ణించే రావాలి. స్టాకు చూస్తే కొన్ని గంటలకి సరిపడా. గోడౌన్‌లో సరుకు పేరబెట్టడం దండగ అన్నది వాళ్ళ సిద్ధాంతం కదా. రెండు మూడు రోజుల్లో టయోటా లైన్లు వరసగా ఆగిపోయాయి.

తర్వాత జరిగింది చూడు. అరవైకి పైగా కంపెనీలు చేతిలో పని పక్కన పెట్టి ఈ వాల్వు మీద పడ్డాయి. కుట్టుమిషన్లు చేసే కంపెనీ ఒకటి, జన్మలో కారు పార్టు చేసి ఎరగదు, ఉన్న మిల్లింగ్ మెషీన్‌ని మార్చుకుని రోజుకి నలభై వాల్వులు చేసిచ్చింది. నలభై! టయోటాకి అవి ఏ మూలకి? అయినా చేసింది. వారం తిరక్కుండానే లైన్లు మళ్ళీ కదిలాయి. ‘పరస్పర సహకార వ్యవస్థ’ అని నువ్వు 7వ పేజీలో నాలుగుసార్లు రాసి ఒక్కసారి కూడా చూపించలేకపోయింది ఆ నలభై వాల్వుల్లో ఉంది.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. కుర్రతనంలో ఒక పేపర్ ఆఫీసులో నైట్ డ్యూటీ ప్రూఫ్‌రీడర్‌ని. కింద ప్రెస్ తిరుగుతుంటే పైన మా బల్లలు అదిరేవి. ఆ ప్రెస్ మీద వ్యాసం రాయాలని మూడు నెలలు కుస్తీ పట్టాను. గంటకి ఎన్ని కాపీలు, టన్ను కాగితం ఎంత, అచ్చం నీ పట్టికే. ఒక రాత్రి ఒంటిగంట దాటాక రీలు తెగింది. చప్పుడు ఆగిపోయేసరికి మా గదిలో అందరం ఒక్కసారే తలెత్తాం. కిందికి దిగి చూస్తే, నేను ఏనాడూ గమనించని మనిషి ఒకడు, అరచేతుల నిండా ఇంకు, రోలర్ల సందులోంచి కాగితం కొస లాగుతున్నాడు. ఒకడు గమ్ టేపు పళ్ళతో కొరికి అందిస్తున్నాడు. బయట వ్యాన్ల డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. ఫోర్‌మన్ మాత్రం ఏమీ అనకుండా వాచీ చూస్తున్నాడు. పదకొండు నిమిషాలు. ఎవడి పని ఏమిటో, ఎవడి మీద ఎవడు ఆధారపడ్డాడో ఆ పదకొండు నిమిషాల్లో తెలిసింది.

తెల్లారేలోగా రాసేశాను. తీసుకెళ్ళి ఒక వారపత్రిక ఎడిటర్‌కిస్తే, రీలు తెగిన భాగం మొత్తం కొట్టేసి ‘అక్షరయజ్ఞం’ అని పేరు పెట్టి వేశాడు. అడిగితే ‘పాఠకులకి స్ఫూర్తి కావాలండీ, టెన్షన్ ఎందుకు’ అన్నాడు. పారితోషికం ఇప్పటికీ రాలేదు, అది వేరే సంగతి.

ఆ స్ఫూర్తి జబ్బు నీకూ అంటింది. 16వ పేజీ ‘జపనీయుల క్రమశిక్షణ మనకు ఆదర్శం’ అంటూ మొదలవుతుంది. జపాన్ అనగానే క్రమశిక్షణ గురించి నాలుగు వాక్యాలు రాసి తీరాలని మన పత్రికల్లో ఎప్పణ్ణించో ఆచారం. ఆ పేజీ చింపేయి. దాని బదులు తాడు గురించి రాయి. లైన్ పొడవునా, చేతికి అందే ఎత్తులో ఒక తాడు వేలాడుతుంది. బోల్టు సరిగ్గా పట్టలేదనిపిస్తే పనివాడు దాన్ని లాగుతాడు. దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. కారు నేల మీద గుర్తు పెట్టిన గీత దాకా వెళ్ళేలోగా తప్పు సరిచేస్తే సరే, లేకపోతే అక్కడ లైన్ ఆగుతుంది. దీని మూలం వాళ్ళు కార్లు మొదలుపెట్టకముందే ఉంది. టయోటా కార్ల కంపెనీ పెట్టినాయన తండ్రి సకిచి టయోడా 1924లో తెచ్చిన మగ్గం దారం తెగితే తనంతట తనే ఆగిపోయేది. నువ్వు ఆ మగ్గాన్ని ‘చారిత్రక నేపథ్యం’ అనే శీర్షిక కింద పాతేశావు! వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడే.

ఫ్రీమాంట్‌కి నువ్వు రెండే వాక్యాలిచ్చావు. కాలిఫోర్నియాలో అది జనరల్ మోటార్స్ ప్లాంట్, 1982లో మూసేశారు. ఏమైనా సరే లైన్ ఆగకూడదన్నది అక్కడి పాత రూలు. తప్పులున్న కార్లు అలాగే ముందుకెళ్ళేవి, తర్వాత పక్కన పెట్టి బాగు చేసుకునేవాళ్ళు. 1984లో టయోటా, జీఎం కలిసి దాన్ని మళ్ళీ తెరిచాయి. పనివాళ్ళు చాలావరకు పాతవాళ్ళే. వాళ్ళని బ్యాచ్‌లుగా జపాన్‌లోని టకావోకా ప్లాంట్‌కి తీసుకెళ్ళి పని నేర్పారు, అందులో తాడు లాగడం కూడా ఒకటి. ఇన్నేళ్ళూ ఆపొద్దని తిట్లు తిన్న మనిషి మొదటిసారి ఆ తాడు మీద చెయ్యి వేసినప్పుడు ఎలా ఉండి ఉంటుంది? నాకు తెలియదు, ఊహించి రాయమని కూడా అనను. అక్కడ పనిచేసినవాళ్ళు చెప్పుకున్న మాటలు దొరుకుతాయి, వెతుకు. 2010 ఏప్రిల్ 1న అదీ మూసేశారు. ఆ ఏడాదే టెస్లా కొనుక్కుంది.

ప్లాంట్ ఎక్కడ కట్టారో రాశావు గానీ ఎందుకు కట్టారో వదిలేశావు. అమెరికా ఒత్తిడికి తలొగ్గి 1981లో జపాన్ అక్కడికి తన కార్ల ఎగుమతికి ఏడాదికి 16.8 లక్షలని పరిమితి పెట్టుకుంది. ఓడలో పంపనివ్వకపోతే అక్కడే చేసుకోవాలి కదా. జార్జ్‌టౌన్ చుక్క వెనకాల ఆ లెక్క ఉంది. ఇది ఒక పేరా చాలు, సాగదీయకు.

ఇంకొకటి మర్చిపోతున్నాను. 2023 ఆగస్టు 29న జపాన్‌లోని టయోటా ప్లాంట్లు పద్నాలుగూ ఆగిపోయాయి. అగ్ని ప్రమాదం లేదు, భూకంపం లేదు. పార్టులు ఆర్డర్ పెట్టే సర్వర్లలో డిస్క్ నిండిపోయింది. మన ఫోన్లో ఫోటోలు నిండి ‘స్పేస్ లేదు’ అని వస్తుందే, అదే. బ్యాకప్ సర్వర్లు కూడా అదే సిస్టమ్ మీద ఉండటంతో వాటికి మారే దారి లేకపోయింది. నీ వ్యాసంలో ‘అత్యాధునిక డిజిటల్ అనుసంధానం’ అని ఒక ముక్క ఉంది. దాని మీద పెన్సిల్‌తో అడ్డంగా గీశాను, చూసుకో.

బ్రెజిల్‌లో సావో బెర్నార్డో ప్లాంట్‌ని నువ్వు ‘తొలి విదేశీ అడుగు’ అని పొగిడావు. 1962లో తెరిచిన ఆ ప్లాంట్‌ని 2023లో మూసేశారు. పట్టికలో అది ఇంకా నడుస్తూనే ఉంది. సరిచెయ్యి.

‘కర్మాగారం’ అనాలా, ‘ప్లాంట్’ అనాలా అని అడిగావు. అక్కడ పనిచేసేవాడు ఏమంటాడో అదే అను. వాడు ‘ఉత్పాదక కేంద్రం’లో డ్యూటీకి పోడు. ప్రచురణకర్త సంగతీ, పోటీకి పంపాలా వద్దా అన్నదీ వేరే అడిగావు, వాటి గురించి ఇంకోసారి.

కాగితాలన్నీ కవర్లో పెట్టి తిప్పి పంపుతున్నాను, ఆ 19వ పేజీ తప్ప. కొత్తగా రాసి పంపినప్పుడు అక్షరం కాస్త పెద్దది పెట్టు. కళ్ళజోడు మార్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే చాలట్లేదు.