ఏటి పక్కన నడక: ఫ్రాన్స్ వెళ్తున్నవాళ్ళ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఫ్రాన్స్ పల్లెల్లో నదుల పక్కన తేలిగ్గా నడిచే దారులు బోలెడున్నాయని రెండు ముక్కలు రాశాం, దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకేలా ఉన్నవి కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి పారిస్‌లో ఉంటాడండి. మే నెలలో వెళ్తున్నాం. నాకు మోకాళ్ళు అంతంతమాత్రం, ఎత్తులు ఎక్కలేను, చదునుగా ఉంటే మాత్రం అయిదారు కిలోమీటర్లు హాయిగా నడుస్తాను. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేలా, జనం గోల లేని చోటేదన్నా చెప్తారా?

అమ్మా, మీలాంటివాళ్ళ కోసమే అన్నట్టు అక్కడ పడవలు లాగిన దారులున్నాయి, వాటిని షెమాన్ ద అలాజ్ అంటారు. ఇంజన్లు రాకముందు సరుకు పడవల్ని గట్టు మీద నుంచి గుర్రాలో మనుషులో తాళ్ళేసి లాగేవాళ్ళు, అంత బరువుతో ఎక్కుడు దిగుడు కుదరదు కదా, అందుకని నీళ్ళని ఆనుకునే చదునుగా దారి వేశారు. పడవలు లాగడం పోయింది, దారి మిగిలింది. ఫ్రాన్స్‌లో మోకాళ్ళు బాగాలేనివాళ్ళు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే, పేరున్న ఊరు వెతక్కండి, ఇలాంటి దారీ దాని దగ్గర్లో రైల్వే స్టేషనూ ఉన్నాయా చూసుకోండి.

మీకైతే మోరే-స్యూర్-లువాఁ బాగుంటుంది. పారిస్ గార్ ద ల్యోఁ స్టేషన్లో ఆర్ లైన్ రైలెక్కితే గంటలోపే మోరే వస్తుంది. స్టేషన్ నుంచి పాత ఊరు కొంచెం దూరమే, నిదానంగా వెళ్ళండి. పాత కోట గుమ్మాలు రెండు, లువాఁ ఏరు మీద రాతి వంతెన, నీటి మధ్యలో మిల్లు ఇళ్ళు, ఇవన్నీ చిత్రకారుడు సిస్లే మళ్ళీ మళ్ళీ గీసినవే, ఆయన 1899లో ఆ ఊళ్ళోనే పోయారు. అక్కడ నుంచి ఏరు పక్కనే నడుస్తూ పోతే లువాఁ వెళ్ళి సేన్ నదిలో కలిసే సాఁ-మామెస్ వస్తుంది, గట్టు పొడుగునా పెద్ద పెద్ద సరుకు పడవలు కట్టేసి ఉంటాయి, కొన్నిట్లో కాపురాలే ఉంటారు. సాఁ-మామెస్‌లోనూ స్టేషన్ ఉంది కాబట్టి వెనక్కి నడవక్కర్లేదు, ఇది పెద్ద సుఖం. ఈ రెండు స్టేషన్లూ పారిస్ ప్రాంతం లోపలే, 2025 జనవరి నుంచి ఆ ప్రాంతమంతా రైళ్ళకి ఎంత దూరమైనా ఒకటే టికెట్ రేటు పెట్టారు, మొదలెట్టినప్పుడు 2.50 యూరోలు.

ప్రశ్న: జివెర్నీలో చిత్రకారుడు మోనే తోటకి వెర్నాన్ స్టేషన్ నుంచి నడవొచ్చా?

నడవొచ్చండి, అయిదు కిలోమీటర్లు, సేన్ నది దాటాక చాలా భాగం పాత రైలు పట్టాలు తీసేసిన దారి మీదే వెళ్తారు కాబట్టి చదును. పారిస్ సాఁ-లజార్ స్టేషన్ నుంచి వెర్నాన్‌కి గంటలోపే. కానీ వెర్నాన్ నార్మండీలోకి వస్తుంది, పైన చెప్పిన ఒకే రేటు టికెట్ చెల్లదు, దాంతో ఎక్కితే ఫైన్ పడొచ్చు. తోట ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే తెరుస్తారు. దారి ప్రశాంతం, తోట కాదు, లోపల మనుషుల్ని తోసుకుంటూ పువ్వులు చూడాలి.

ప్రశ్న: మేమిద్దరం రిటైరయ్యాం. కారు నడపం. నాలుగు రోజులు పూర్తిగా పల్లెల్లో నది పక్కన ఉండాలని ఉంది. అందరూ దోర్దోన్య్ నది అంటున్నారు, మీరేమంటారు?

దోర్దోన్య్ అందంగా లేదని ఎవరంటారండి, బెనాక్ కోట, లా రోక్-గాజాక్ కొండ కింద ఇళ్ళు, ఫొటోల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి, కాకపోతే జూలై ఆగస్టుల్లో ఆ ఇరుకు రోడ్డు మీద కార్లు, నీళ్ళ మీద తెడ్డేసే కనూ పడవలు, మీరడిగిన ప్రశాంతత మాత్రం దొరకదు. నేనైతే దానికి దక్షిణాన ఉన్న ‘లో’ (Lot) అనే నదికి వెళ్ళమంటాను.

పారిస్ ఆస్తర్లిట్జ్ స్టేషన్ నుంచి తూలూజ్ వైపు వెళ్ళే రైల్లో కావోర్‌లో దిగండి, అయిదు గంటల పైనే పడుతుంది కాబట్టి ఆ రోజుకి ఇంకేం పెట్టుకోకండి, సాయంత్రం వాలాంత్రే వంతెన దాకా నడిస్తే చాలు, మూడు బురుజులున్న 14వ శతాబ్దపు వంతెన, ఊరు మూడు వైపులా నది తిరిగి ఉంటుంది. మర్నాడు కావోర్ నుంచి ఫిజాక్ వైపు బస్సు లోయ వెంబడే పోతుంది, బూజియెస్ దగ్గర దిగండి. అక్కడ నుంచి సాఁ-సీర్క్-లపోపీ దాకా నది పక్కన నాలుగైదు కిలోమీటర్ల దారి ఉంది, నా లెక్కలో ఫ్రాన్స్‌లో తేలికైన నడకల్లో దీన్ని మించింది లేదు. ఒకచోట కొండ నిటారుగా నీళ్ళలోకే దిగుతుంది, గట్టు వేసే జాగా లేక 19వ శతాబ్దంలో కొండనే తొలిచి దారి చేశారు, కాబట్టి ఒకవైపు గోడ, తల మీదకి వంగిన రాయి, రెండోవైపు నీళ్ళు. ఆ గోడ మీద ఒకచోట దానియెల్ మోనియే అనే శిల్పి చేపలూ గవ్వలూ చెక్కాడు, దాటిపోకుండా చూసుకోండి. రాళ్ళు పడే ప్రమాదం ఉందనుకుంటే ఇలాంటి దారిని మూసేస్తారు, అందుకని బయల్దేరే ముందు టూరిస్ట్ ఆఫీసులో ఒక్కమాట అడగండి.

ఒక హెచ్చరిక, దారంతా చదునే గానీ సాఁ-సీర్క్ ఊరు మాత్రం నది కన్నా దాదాపు వంద మీటర్ల ఎత్తులో ఉంది, చివర్లో ఎక్కాల్సిందే. ఓపిక లేకపోతే కింద నుంచే ఊరిని చూసి తిరిగి రావడంలో తప్పేం లేదు. ఎక్కితే మాత్రం కవి ఆంద్రె బ్రతోఁ ఈ ఊరు చూసి ఇక వేరే చోట ఉండాలనే కోరిక పోయిందని ఎందుకన్నాడో తెలుస్తుంది, 1951లో అక్కడ ఇల్లే కొనేశాడు. ఇంకో రోజు మిగిలితే పక్కనే సెలె ఏరు లోయలో కాబ్రెరే దగ్గర పెష్ మెర్ల్ గుహ, వేల ఏళ్ళ నాటి చుక్కల గుర్రాల బొమ్మలు, అసలువే చూడనిస్తారు, రోజుకి ఇంతమందే అని పరిమితి ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోండి.

ప్రశ్న: పారిస్‌లో చదువుతున్నాను. ఒక్కదాన్నే వీకెండ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడవాలనుంది. ఒకటి, ఎక్కడికి వెళ్ళను? రెండు, నది పక్కన ఎవరిదో ఇల్లు, గేటు అడ్డొస్తే ఏం చేయాలి? దారి తప్పితే?

నివెర్నే కాలవకి వెళ్ళమ్మా. పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి ఒసేర్ వైపు, అక్కడ నుంచి క్లామ్సీ వెళ్ళే చిన్న రైలు యోన్ నది వెంబడే పోతుంది, షాతెల్-సాన్స్‌వార్‌లో దిగి మాయీ-లా-వీల్ వైపు కాలవ గట్టు పట్టుకుంటే ఒక రోజు నడకకి సరిపోతుంది. దారిలో లాకులు, లాకు కాపరుల చిన్న ఇళ్ళు, మధ్యలో సోస్వా అనే తెల్ల సున్నపురాయి కొండలు, వాటి మీద తాళ్ళు కట్టుకుని ఎక్కేవాళ్ళు కనపడతారు, కూర్చుని తినడానికి అదే మంచి చోటు. ఈ కాలవ 1784లో మొదలెట్టిందే పారిస్ పొయ్యిల్లోకి కట్టెల కోసం, మోర్వాఁ అడవుల కలప నీళ్ళ మీదే పోయేది. రైళ్ళు రోజుకి చాలా తక్కువ, తిరిగొచ్చే రైలు టైము ముందే చూసుకుని దాన్ని బట్టి నడక లెక్కేసుకో, అది తప్పితే ఆ ఊళ్ళలో ఆటోలూ ఉండవు ఏమీ ఉండవు.

గేటు సంగతి. ప్రభుత్వానికి చెందిన నదుల పక్కన గట్టు ఎవరి సొంతమైనా సరే 3.25 మీటర్ల వెడల్పు వదలాలని చట్టం, 2006 నుంచి నడిచేవాళ్ళకీ ఆ హక్కు వచ్చింది. కానీ చిన్న చిన్న ఏరుల గట్లు ప్రైవేటే ఉంటాయి, అక్కడ ఈ చట్టం పనికిరాదు, బోర్డు ఉంటే వాదన పెట్టుకోకుండా చుట్టూ తిరిగి వెళ్ళిపో. దారి గుర్తులు తేలికే, చెట్ల మీద స్తంభాల మీద తెలుపు ఎరుపు గీతలుంటే అది దూరాల జీఆర్ దారి, పసుపు గీత స్థానిక చిన్న దారి, గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అటు కాదని అర్థం. ఫోన్లో ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ మ్యాప్ పెట్టుకో. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట సీజన్, అడవి పక్కన నడిచేటప్పుడు కొట్టొచ్చేట్టు కనపడే రంగు బట్టలేసుకో. ఎమర్జెన్సీకి 112.

ప్రశ్న: లువార్ నది ఇసుక తిన్నెలు చూస్తుంటే దిగాలనిపిస్తుంది. దిగొచ్చా?

వద్దు. పైకి మోకాలి లోతులా కనపడుతుంది, ఇసుక కింద నుంచి జారిపోతుంది, సుడులుంటాయి, చాలాచోట్ల స్నానం నిషేధమే. నడవడానికైతే భేషుగ్గా ఉంటుంది, ఫ్రాన్స్‌లో మొట్టమొదటి జీఆర్ దారి, 1947లో, ఈ నది పక్కనే ఓర్లియాఁ దగ్గర మొదలైంది. మీకు కొంచెమే నడవాలంటే వియెన్ నది వచ్చి లువార్‌లో కలిసే కాంద్-సాఁ-మార్తాఁ చూసి పక్కూరు మోంసోరోకి నడవండి. వరద కట్టల మీద నీడ ఉండదు, ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకండి.

ప్రశ్న: మేం శాకాహారులం. పల్లెల్లో తిండి, నీళ్ళు ఎలా?

తిండే అసలు సమస్యండి, దారి కాదు. మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 లోపే, ఆ తర్వాత వంటగది మూసేస్తారు, బతిమాలినా లాభం లేదు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా షాపులు మూత. పొద్దున్నే బేకరీలో రొట్టె, చీజ్, పళ్ళు సంచిలో వేసుకుని బయల్దేరడమే తెలివి. హోటల్లో సలాడ్ అన్నా, కీష్ (గుడ్లు, క్రీమ్ వేసి కాల్చే వంటకం) అన్నా అందులో పంది మాంసం ముక్కలు ఉండే అవకాశం ఎక్కువ, సాఁ వియాంద్ (మాంసం లేకుండా), సాఁ ప్వాసోఁ (చేప లేకుండా) అని రెండూ చెప్పండి, ఎందుకంటే మాంసం వద్దంటే చేప తెచ్చిపెడతారు. నీళ్ళకి, కొళాయి మీద ఓ నోఁ పొతాబ్ల్ (Eau non potable, తాగే నీళ్ళు కాదు) అని రాసుంటే తాగకండి. ఊరి శ్మశానాల్లో మొక్కలకి పోయడానికి కొళాయిలుంటాయి, నడిచేవాళ్ళు చాలామంది అక్కడే సీసాలు నింపుకుంటారు, మొహమాటపడక్కర్లేదు, బోర్డు మాత్రం చూసుకోండి.

ప్రశ్న: ఏ నెలల్లో వెళ్తే మంచిది?

మే, జూన్, సెప్టెంబర్. చలికాలంలో నది పొంగితే ముందు మునిగేది ఈ గట్టు దారులే, వీజీక్రూ (Vigicrues) అనే ప్రభుత్వ సైట్లో నదుల వరద స్థాయి రంగుల్లో చూపిస్తారు, ఆకుపచ్చ కాకుండా ఇంకే రంగున్నా ఆ రోజు మానేయండి. ‘లో’, దోర్దోన్య్ లాంటి నదుల మీద పైన డ్యాములున్నాయి, వాన లేకపోయినా నీళ్ళు వదిలితే ఒక్కసారిగా పెరుగుతాయి, అలాంటి చోట్ల హెచ్చరిక బోర్డు పెడతారు, అక్కడ తిన్నెల మీద టవల్ పరిచి కూర్చోకండి. గడ్డిలో నడిస్తే రాత్రికి కాళ్ళ మీద పిడుదులున్నాయేమో చూసుకోండి, ఉంటే మెడికల్ షాపులో వాటిని తీసే చిన్న కొక్కెం అమ్ముతారు.