పేరడీ పేపర్‌లో వచ్చేది నిజం వార్తేనా? కాకపోతే అంతమంది ఎందుకు నమ్ముతారు?

కాదు, అది నవ్వించడానికో ఎవరినైనా దెప్పడానికో కావాలని అల్లిన కథ. జనం నమ్మేది అందులోని విషయాన్ని చూసి కాదు, వాలకం చూసి.

పైన లావుపాటి హెడ్డింగు, కింద "హన్మకొండ, ప్రతినిధి" అని మొదలు, మధ్యలో "అధికారులు తెలిపారు", పక్కన మసక ఫోటో కనిపిస్తే సగం నమ్మకం అక్కడే కుదిరిపోతుంది. పేరడీ రాసేవాళ్లు అచ్చం ఆ వేషమే వేసి, లోపల "భద్రకాళి చెరువులో చేపలకు ఈత టికెట్" లాంటిది పెడతారు. దాన్ని ఎవరో కటింగ్ చేసి వాట్సాప్‌లో వేస్తే, మంచిర్యాల చేరేసరికి పేపర్ పేరు, తేదీ ఊడిపోతాయి, జోక్ అన్న ఆనవాలు కూడా.

పెద్ద పత్రికలూ బోల్తా పడ్డాయి. అమెరికా వ్యంగ్య పత్రిక ది ఆనియన్ 2012లో ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్‌ను ఆ ఏటి మేటి అందగాడిగా ప్రకటిస్తే, చైనా అధికార పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ వెబ్‌సైట్ నిజమేననుకుని 55 ఫోటోలతో పెట్టేసింది (గుర్రం మీద ఫోటో కూడా!).

చాలామంది పేరడీ, ఫేక్ న్యూస్ ఒకటే అంటారు, అది తప్పు. పేరడీ రాసినవాడికి మీరు జోక్‌ను పట్టుకోవాలి, ఫేక్ చేసినవాడికి మీరు పట్టుకోకూడదు. నిజమైన పేపర్ లోగో అతికించి ఎన్నికల ముందు వదిలే కటింగ్ పేరడీ కాదు, ఫోర్జరీ. డౌటొస్తే ఆ తేదీ ఈపేపర్‌లో మీ జిల్లా ఎడిషన్ తెరిచి చూడండి, మెయిన్ పేజీలు మాత్రమే చూస్తే సరిపోదు.