నాన్న కుట్టించిన చొక్కా, ఆవిడ కొన్న జీన్స్... మరి నాకు నచ్చేదేది?

ప్రశ్న: నా వయసు 32. మాది తెనాలి దగ్గర పల్లె. డిప్లొమా అయ్యాక ఒక ఫ్యాక్టరీలో ఏడేళ్లు పనిచేశాను. అక్కడ రోజూ యూనిఫారమే కాబట్టి బట్టల ఊసే ఉండేది కాదు. పండక్కి నాన్నగారు ఒకే తానులోంచి అన్నయ్యకూ నాకూ చొక్కాలు కుట్టించేవారు, అవే సరిపోయేవి. నిరుడు హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగంలో చేరాను. ఇక్కడ ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకొస్తారు. కాస్త ట్రెండీగా ఉండమంటూ మా ఆవిడ ఆన్‌లైన్‌లో బిగుతు టీషర్టులు, చిరుగుల జీన్స్ తెప్పించింది. వేసుకుంటే పొట్ట కనిపిస్తుందని రోజంతా కిందికి లాక్కుంటూనే ఉంటాను. సంక్రాంతికి ఊరెళ్తే నాన్నగారు బంధువుల ముందే "ఏంట్రా ఈ వేషం, ఎవరు నేర్పారు?" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటి నుంచి ఇంట్లో బట్టల పేరెత్తితే గొడవే. పైగా నేను నల్లగా ఉంటాను. ముదురు రంగులు నీకు నప్పవని చిన్నప్పటి నుంచీ అందరూ అనడంతో లేత రంగులు దాటి వెళ్లలేదు. ఫంక్షన్ అంటేనే టెన్షన్‌గా ఉంటోంది. నాకంటూ ఒక తీరు ఏర్పరచుకోవడం ఎలా? ఈ వయసులో దీని గురించి ఆలోచించడం తప్పా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పేమీ లేదు. చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా మీ ఒంటిమీద బట్ట నాన్నగారో, ఫ్యాక్టరీయో, మీ ఆవిడో నిర్ణయించారు. మీరు ఎంచుకునే అవకాశం ఇప్పుడే వచ్చింది. అలాంటప్పుడు తికమక పడటం సహజం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బట్టల సంగతి తర్వాత చెబుతాను. ముందు సంక్రాంతి రోజు జరిగినదాని గురించి మాట్లాడదాం. "ఎవరు నేర్పారు" అని నాన్నగారు అడిగింది మిమ్మల్నే అయినా, ఆ మాట తగిలింది మీ ఆవిడకు. నలుగురిలో అత్తవారి ఇంట తన మీద నింద పడుతుంటే భర్త నోరు మెదపలేదు. ఆమె అన్నం మానేసింది జీన్స్ కోసం కాదని నాకు అనిపిస్తోంది. ఆ రోజు "నేనే వేసుకున్నాను నాన్నా" అని ఒక్క ముక్క మీరు అని ఉంటే ఇన్నాళ్ల గొడవ ఉండేది కాదు. ఇప్పటికైనా ఆలస్యం కాలేదు. ఆమెతో కూర్చుని, "ఆ రోజు నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు" అని ఒప్పుకోండి. ఆ వెంటనే "అయినా నువ్వు ఆ బట్టలు కొనకుండా ఉండాల్సింది" అని తగిలించకండి. బట్టల గురించి ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు.

నాన్నగారికి కూడా ఫోన్ చేయండి. వాదించడానికి వద్దు. "ఆ బట్టలు వేసుకుంది నేను, ఏమన్నా ఉంటే నన్నే అనండి, కోడల్ని అలా అంటే నాకు బాధగా ఉంటుంది" అని మామూలు గొంతుతో చెప్పండి. ఆయన కాసేపు ముభావంగా ఉండొచ్చు. ఉండనివ్వండి. ఒకే తానులోంచి ఇద్దరు కొడుకులకు కుట్టించిన మనిషి ఆయన. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అలా చేసింది డబ్బు కలిసొస్తుందనే కాదు, పిల్లల్లో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనిపించకూడదని కూడా. ఆ ప్రేమను కాదనుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. సొంత తీరు అంటే పట్నం ఫ్యాషన్ అని మీరు అనుకుంటున్నట్టున్నారు. మన పల్లెల్లో పెద్దవాళ్లను ఒకసారి గమనించండి. జేబు ఇంత లోతుండాలి, చేతులు మోచేతి దాకా రావాలి, కాలర్ మెత్తగా ఉండాలి అని టైలర్‌కు వివరంగా చెప్పి ఏళ్లకేళ్లు అదే కుట్టించుకునేవాళ్లు ఎంతమందో. తమకు ఏం కావాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. నాన్నగారూ అలాంటివారే అయితే, ఆ చొక్కా అలాగే ఎందుకు కుట్టించుకుంటారో అడిగి చూడండి. ఎండ, పొలం, జేబులో పెట్టుకునే చీటీలు, ఇలా ప్రతిదానికీ ఒక కారణం చెబుతారు. మీరు చేయాల్సిందీ అదే, మీ జీవితానికి సరిపడా కారణాలు మీరు వెతుక్కోవాలి.

ఆ కారణాలు ఎక్కడ దొరుకుతాయో మీ ఉత్తరంలోనే ఉంది. "రోజంతా లాక్కుంటూనే ఉంటాను" అన్నారు కదా, దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. వేసుకున్న అరగంటకు మీరు మర్చిపోగలిగిన చొక్కా మీది. పదేపదే సర్దుకోవాల్సినది, ఎంత ఖరీదైనదైనా, ఎవరు కొన్నా, మీది కాదు. ఒక నెల రోజులు కొత్తవేవీ కొనకండి. ఆషాఢం సేల్ వచ్చినా సరే. బీరువాలో ఉన్నవే మార్చి మార్చి వేసుకోండి. ఏ రోజు సర్దుకోలేదో, ఏ రోజు సర్దుకున్నారో, ఎక్కడ సర్దుకున్నారో రాత్రికి ఫోన్‌లో రాసుకోండి. మెడ దగ్గరా, పొట్ట దగ్గరా, చంకల్లోనా? నెల తిరిగేసరికి మీకు నప్పే బట్ట, కాలర్, పొడవు గురించి ఏ షాపు కుర్రాడూ చెప్పలేనంత మీకే తెలుస్తుంది.

పొట్ట గురించి చాలామంది మగవాళ్లు రాస్తుంటారు. పల్చటి సాగే టీషర్టు ఒంటికి అతుక్కుని ప్రతి మడతనూ చూపిస్తుంది, నిజమే. అలాగని రెండు సైజులు పెద్దది వేసుకుంటే భుజాలు జారిపోయి మనిషి ఇంకా లావుగా కనిపిస్తాడు. కాస్త బరువున్న కాటన్, కింద అంచు తిన్నగా ఉన్న చొక్కా, పొడవు ప్యాంటు జిప్పు సగం దాకా వచ్చేది టక్ చేయకుండా వేసుకోండి. అంచు వంపు తిరిగి ముందూ వెనకా పొడవుగా దిగే చొక్కాలు అసలు టక్ చేయడానికి కుట్టినవి, బయటికి వదిలేస్తే వేలాడినట్టు ఉంటాయి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. రెడీమేడ్ కొనేటప్పుడు మిగతావన్నీ వదిలేసి ముందు అదే చూడండి. పక్కలు లూజైతే, పొడవు ఎక్కువైతే టైలర్ కాసేపట్లో సరిచేస్తాడు. భుజం మాత్రం విప్పి కుట్టడం కష్టం, కుట్టినా సరిగ్గా కూర్చోదు. ఈ లెక్కన నాన్నగారు కుట్టించిన పాత చొక్కాల్లో భుజం కుదిరినవి ఉంటే ఆల్టరేషన్‌కు ఇవ్వండి. పారేయాల్సిన పని లేదు.

ఇక రంగు. ఉత్తరంలో ఈ విషయం మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం అన్నిటికంటే బాధ కలిగించింది అదే. "నల్లగా ఉన్నావు, నీకు ఆ రంగు నప్పదు" అనే మాట మన ఇళ్లలో ప్రేమగానే అంటారు. మేనత్తలు, పిన్నులు, షాపువాళ్లు అందరూ అంటారు. వినే పిల్లాడికి మాత్రం నువ్వు కంటికి కనపడకుండా ఉంటే మంచిది అన్నట్టే వినిపిస్తుంది. ఫంక్షన్ అనగానే మీకు వచ్చే టెన్షన్‌లో సగం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఆ మాట తప్పు. చామనఛాయకూ నలుపుకూ మెరూన్, ముదురు ఆకుపచ్చ, ఆవ రంగు, నీలిమందు రంగు, మల్లెపూవులాంటి తెలుపు ఎంతో నిండుగా ఉంటాయి. బిస్కెట్ రంగు, బూడిద కలిసిన లేత రంగులే మొహాన్ని వాడినట్టు చూపిస్తాయి. ఇన్నేళ్లుగా మీకు కట్టబెట్టింది బహుశా వాటినే. నా మాట కూడా నమ్మేయకండి. పగటి పూట కిటికీ దగ్గర నిలబడి, మీ ఆవిడ చీరలో దుపట్టాలో నాలుగైదు రంగులు తీసుకుని ఒక్కొక్కటీ గొంతు కింద పెట్టి అద్దంలో చూడండి. ముందు మీ మొహం కనిపిస్తే ఆ రంగు మీది. ముందు బట్టే కనిపిస్తే పక్కన పెట్టండి. షాపుల్లో లైట్ల కింద మాత్రం రంగు ఎంచకండి, గుమ్మం దాకా తీసుకెళ్లి చూపించమని అడగండి.

చిరుగుల జీన్స్ మీకు ఇబ్బందిగా ఉంటే వేసుకోకండి, దాన్నిబట్టి మీరు పాతకాలపు మనిషి అయిపోరు. జీన్స్ పుట్టిందే చిరగకుండా ఉండటానికి. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ దగ్గరికి ఒక కూలీ భార్య వచ్చి, తన భర్తకు త్వరగా చిరిగిపోని ప్యాంటు కుట్టమని అడిగిందట. ఆయన జేబుల మూలల్లో రాగి రివెట్లు బిగించాడు. బట్ట అమ్మే లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంటే ఇవాళ క్యాజువల్ అని మనం వేసుకుంటున్న వాటిలో చాలావరకు పనివాళ్ల బట్టలే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఏడేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిన మీకు వాటి మీద ఎవరికన్నా ఎక్కువ హక్కుంది. ఆ యూనిఫారంలో మీకు నచ్చినవి ఏవో గుర్తు తెచ్చుకోండి. రెండు జేబుల చొక్కానా, గట్టి ట్విల్ బట్టా, ముదురు నీలమా? మీరు మొహమాటం లేకుండా వేసుకున్న బట్ట అదొక్కటే అయి ఉండొచ్చు. అలాంటి చొక్కా ఒకటి, చిరుగులు లేని ముదురు రంగు తిన్నని జీన్స్ ఒకటి ఉంటే, మీ ఆఫీసులో ఎవరి పక్కనైనా నిబ్బరంగా కూర్చోవచ్చు.

హైదరాబాద్‌లో ఎండ ఉన్నా గాలి పొడిగా ఉంటుంది. తెనాలిలో ఉక్కపోత. అందుకని లేబుల్ మీద పాలియెస్టర్ ఎక్కువగా ఉన్నవి వదిలేయండి, చెమటను పీల్చవు, వాసన పట్టుకుంటాయి. చెప్పుల గురించి, బూట్ల గురించి ఇప్పుడే ఆలోచించొద్దు, శుభ్రంగా ఉంటే చాలు.

మీ ఆవిడను ఇందులోంచి తప్పించకండి. మీరు బాగుండాలన్న ఆశతో కొన్నదే అదంతా. అయితే ఇకమీదట కొనే పని మీది, చెప్పే పని ఆమెది. "నేను ఏది వేసుకున్నప్పుడు నీకు బాగున్నాననిపించింది?" అని అడగండి. పెళ్లి నాటి ఫొటోలోని చొక్కా అనో, ఇంట్లో వేసుకునే పాత నీలం లాల్చీ అనో మీరు ఊహించని జవాబు రావచ్చు. ఆమె కొన్న టీషర్టుల్లో ఒకటి రెండు, మీరు లాక్కోకుండా ఉండగలిగినవి, ఆమె కళ్లముందే వేసుకోండి. మిగతావి ఎందుకు కుదరలేదో విసుగు లేకుండా చెప్పండి. పొట్ట గురించిన సిగ్గు ఆమెకు ఇప్పటిదాకా చెప్పి ఉండరు. అదీ చెప్పండి.

ఒంటికి కుదిరిన బట్టలు దొరికాక కూడా నలుగురిలోకి వెళ్లాలంటే గుండె దడ, అద్దం చూసుకోవాలంటే అయిష్టం అలాగే ఉంటే, అది బట్టలతో తీరేది కాదు. సైకాలజిస్టును కలవండి. కొద్దిసార్లు మాట్లాడినా మేలు జరుగుతుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్నగారిని, మీ ఆవిడను వెంటబెట్టుకుని మంగళగిరి వెళ్లండి. అక్కడ చేనేత కాటన్ మీటర్ల లెక్కన దొరుకుతుంది, చొక్కాలకు చక్కగా ఉంటుంది. బట్ట గట్టిదనం చూడటం నాన్నగారికి వదిలేయండి, ఆ విషయంలో ఆయన కన్ను మీకన్నా బాగా పనిచేస్తుంది. రంగు మాత్రం మీరే చెప్పండి. పన్నా వెడల్పును బట్టి బట్ట ఎంత పడుతుందో మారుతుంది కాబట్టి టైలర్‌ను ముందే అడిగి వెళ్లండి. కొత్త కాటన్ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది, అందుకని కుట్టడానికి ఇచ్చే ముందు నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. నెల రోజుల పరీక్షలో నెగ్గిన చొక్కాను ఆది చొక్కాగా పట్టుకెళ్లి నాన్నగారి టైలర్‌కే ఇవ్వండి. ఒక్కటే కుట్టించండి. దాన్ని రెండు మూడుసార్లు ఉతికి, ఆఫీసుకూ ఒక ఫంక్షన్‌కూ వేసుకుని చూశాక, ఎక్కడైనా చెయ్యి సర్దుకోవడానికి వెళ్తుంటే ఆ చోటు టైలర్‌కు చూపించి, రెండోది ఆ తర్వాతే కుట్టించండి.