డాక్టర్ సలహా: 68 ఏళ్ల నాన్నకు థెరపీ పని చేస్తుందా?

ప్రశ్న: మా నాన్న రిటైర్డ్ టీచర్, 68 ఏళ్లు. అమ్మ పోయి ఏడాదిన్నర అవుతోంది. అప్పటి నుంచి అదే రంది, గుండెదడ, తిండి తగ్గింది. డాక్టరుకు చూపిస్తే డిప్రెషన్, యాంగ్జైటీ అన్నారు. వారానికోసారి చొప్పున పది సిట్టింగుల థెరపీ రాశారు. ‘ఈ వయసులో మాటలతో నయమవుతుందా?’ అని నాన్న ఒప్పుకోవడం లేదు. నిద్రకు ఏడాదిగా మెడికల్ షాపులో అల్ప్రాజోలం తెచ్చి ఇస్తున్నాం. ఈమధ్య పేర్లు మర్చిపోతున్నారు. – ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: థెరపీ సంగతి తర్వాత, ముందు ఆ గోలీ గురించి మాట్లాడాలమ్మా. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. పెద్దవాళ్ల ఒంట్లో మత్తు తొందరగా దిగదు. రాత్రి బాత్రూంకి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లను చూస్తూనే ఉన్నాం. మతిమరుపుకూ అదే కారణం కావచ్చు. ఓపీకి వచ్చే పెద్దాయనల్లో కొందరు చొక్కా పైజేబులోంచి స్ట్రిప్ తీసి, ‘సగమే వేసుకుంటున్నా సారూ’ అంటారు. ఆ సగం ఎప్పుడు ఒకటై, ఒకటిన్నర అయిందో వాళ్లకే తెలియదు. అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పూర్తిగా పోతుంది, ఆందోళన పెరుగుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. మనిషిని చూడకుండా ఆ లెక్క నేను చెప్పలేను.

ఇక వయసు. థెరపీకి 68 అడ్డు కాదు. ఇంగ్లండ్‌లో 2008లో మొదలైన ప్రభుత్వ థెరపీ పథకంలో 65 దాటినవాళ్లే చిన్నవాళ్లకంటే ఎక్కువ శాతం కోలుకుంటున్నారు. వచ్చి చేరేవాళ్లే తక్కువ. డిప్రెషన్‌కు థెరపీ ఫలితం కాస్త తగ్గేది పిల్లల్లో, టీనేజీలో. పెద్దవాళ్లు సిట్టింగ్ ఎగ్గొట్టరు, ఇంటికిచ్చిన పని చేసుకొస్తారు. ఆ పని కూడా పెద్దదేం కాదు: భద్రకాళి చెరువు కట్ట మీద పావుగంట నడిచి, నడవక ముందు, నడిచాక మనసు ఎలా ఉందో పదికి ఇన్ని మార్కులని నోట్‌బుక్‌లో రాయడంలాంటివి. జీవితమంతా పిల్లల చేత రాయించిన సారుకు ఇది కొత్త కాదు. చెవి సరిగా వినపడకపోతే ముందే చెప్పండి. అవసరమైతే ఒకట్రెండు సిట్టింగులు పెంచుతారు.

మతిమరుపు చూసి డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు అనుకోకండి. డిప్రెషన్‌లోనూ అలా ఉంటుంది. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం పరీక్షలు, దడ ఉంది కాబట్టి ఈసీజీ చేయించాలి. ‘వయసైంది, దిగులు మామూలే’ అనుకుని ఏడాదిన్నర ఆగారు. అది మాత్రం తప్పేనమ్మా. బతికి ఏం లాభం అన్నా, అన్నం మానేసినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. రాత్రయితే ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్, బీపీ, షుగర్ మందులుంటే అవీ ఒకే సంచిలో వేసుకెళ్లండి. నాన్నగారి కళ్లద్దాలు మర్చిపోకండి, అక్కడ రాసే పని ఉంటుంది.