మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా?

ప్రశ్న: మాకు బోరు నీళ్లే దిక్కు. అత్తయ్య రోజూ బాగా మరగబెట్టి, వడగట్టి ఇస్తారు. అయినా తొమ్మిదేళ్ల మా పెద్దబాబు పళ్ల మీద పసుపు చారలొచ్చాయి. ఫ్లోరైడ్ అంటున్నారు. ఇంకాసేపు మరిగిస్తే పోతుందా? పక్కింటివాళ్లు పటిక తిప్పమంటున్నారు. చిన్నవాడికి మూడేళ్లు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, దర్శి దగ్గరి పల్లె

జవాబు: పోదమ్మా, ఇంకా పెరుగుతుంది. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టే, నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. మీ అత్తగారిని మాత్రం ఏమీ అనకండి. చెరువు నీళ్లకూ కాలవ నీళ్లకూ ఆవిడ పద్ధతే సరైనది, అక్కడ భయం క్రిములది. మీ బోరుది వేరే గొడవ. 1937లోనే డాక్టర్లు ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి నెల్లూరు జిల్లా నుంచి రాశారు. మీ దర్శి అప్పట్లో ఆ జిల్లాలోదే.

ముందు పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ బోరు నీళ్లతోనే తొలిచి, నింపి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇవ్వండి. గాజు సీసా వద్దు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

పటికతో ఫ్లోరైడ్ తీసే మాట నిజమే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' (NEERI) వాళ్ల 'నల్గొండ పద్ధతి' అదే. సున్నం, పటిక కలిపి, కలియబెట్టి, తేరనిస్తారు. కానీ ఎంత వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారతనూ కొలిచి తేల్చాలి. బిందెలో పటిక నాలుగుసార్లు తిప్పితే బురద తేరుతుంది, అంతే. ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. ఇంట్లో చేయమని నేను చెప్పను.

మీకు ఆర్వో (RO) ఫిల్టర్ నయం. కొన్నాక వదిలేయకండి, అందులోంచి వచ్చే నీటినీ ఏడాదికోసారైనా పరీక్షకివ్వండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: తాగడానికి ఆర్వో నీళ్లు, అన్నానికీ పప్పుకూ బోరు నీళ్లు! వంటలో వేసిన ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది. వంటకూ ఆర్వో నీళ్లే వాడండి. వాన నీటిలో ఫ్లోరైడ్ ఉండదనే చెప్పాలి, డాబా శుభ్రంగా ఉంటే పట్టుకోండి. వాటిని మాత్రం మరగబెట్టాలి, ఆ పని అత్తగారికే వదిలేయండి.

పెద్దబాబు పళ్ల చారలు నీళ్లు మార్చినా పోవు, దంతవైద్యులకు చూపించండి. చిన్నవాడికి శాశ్వత దంతాలు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి కాబట్టి వాడి నీళ్లు ఈ వారమే మార్చండి. ఆర్వో వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. వాటితో బండలు కడగండి గానీ గేదెలకు పెట్టకండి. వాటి పళ్లూ ఎముకలూ కూడా పాడవుతాయి.