ఇంట్లో ఉంటూనే మరమ్మతులు: దుమ్మును ఆపేదెలా?

ప్రశ్న: మాది విజయవాడలో రెండు పడగ్గదుల పాత ఫ్లాటు. స్నానాల గదిలో టైల్స్ మార్పించి, వంటింటి గోడకు గాడి కొట్టించి కొత్త వైరింగు వేయించి, ఆపైన లప్పం, రంగులు పూర్తిచేయించాలని అనుకుంటున్నాము. మా అత్తగారికి ఉబ్బసం ఉంది. అన్ని రోజులూ వేరే ఇంట్లో ఉండే వీలు లేదు. దుమ్ము తగ్గించే మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: పని సాగినన్నాళ్లూ దుమ్ము ఒకే స్థాయిలో ఉండదు. పాత టైల్స్ పగలగొట్టే రోజు, గోడకు గాడి కొట్టే రోజు, ఆరిన లప్పాన్ని గరుకు కాగితంతో రుద్దే రోజు, ఈ మూడింటిలోనే అది విపరీతంగా లేస్తుంది. కాబట్టి మేస్త్రీతో మాట్లాడి ఆ రోజులను ముందే ఖాయం చేసుకుని, అప్పటికి మాత్రం అత్తగారిని బంధువుల ఇంటికి పంపడం మంచిది. ఇసుక, సిమెంటు, టైల్స్‌లో ఉండే సిలికా, కోసినప్పుడు కంటికి కనబడనంత సన్నని పొడిగా మారి గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. ముఖానికి కట్టుకున్న రుమాలు దాన్ని ఆపలేదు. ఎన్95 మాస్కులు తెచ్చి పనివారికి కూడా ఇవ్వండి. మీకు ఇది కొన్నాళ్ల ఇబ్బందే గాని, వారు ఏడాది పొడవునా ఆ దుమ్మునే పీలుస్తారు.

పని జరిగే గది గుమ్మానికి రెండు మందపాటి పాలిథిన్ షీట్లను, మధ్యలో ఒకదానిపై ఒకటి అడుగు మేర పడేలా, టేపుతో అంటించి, గడప దగ్గర తడి గోనెపట్టా పరచండి. ఆ గది కిటికీలో టేబుల్ ఫ్యానును బయటివైపు తిప్పి పెడితే దుమ్ము వీధిలోకి పోతుంది. సీలింగు ఫ్యాను, ఏసీ మాత్రం వేయకండి. పగలగొట్టే ముందు టైల్స్ మీద నీళ్లు చల్లించండి. అయితే వైర్లు, విద్యుత్ యంత్రాలు ఉన్నచోట నీళ్లు ప్రమాదం గనుక, గాడి కొట్టడానికి దుమ్మును లాగే గొట్టమున్న యంత్రం దొరుకుతుందేమో అడగండి. గోడ టైల్స్‌ను గీత గీసి విరిచే చేతి కట్టరుతో కోయిస్తే దుమ్ము దాదాపుగా ఉండదు.

అసలు శత్రువు చీపురు. సాయంత్రం పని ముగిశాక పొడిగా ఊడిస్తే నేలకు దిగిన పొడి మళ్లీ గాలిలోకి లేస్తుంది. ఓ అరగంట ఆగి తడిగుడ్డతో తుడవండి. మామూలు వాక్యూమ్ క్లీనరు సన్నని సిమెంటు పొడిని వెనకనుంచి వదిలేస్తుంది కాబట్టి హెపా ఫిల్టరు (అతి సన్నని పొడిని కూడా పట్టి ఉంచే వడపోత) లేనిదాన్ని వాడకండి.

స్నానాల గదిలో నీళ్లు పోయే జాలీని పని మొదలయ్యే ముందే గుడ్డతో కుక్కి, పైన పాలిథిన్ అంటించండి. లప్పం, సిమెంటు కలిపిన బకెట్లను అందులో కడగనివ్వకండి, గొట్టంలో గట్టిపడితే మళ్లీ నేల తవ్వాల్సి వస్తుంది. రాళ్లూ పెళ్లలను సిమెంటు సంచుల్లో సగానికే నింపించండి. నిండుగా నింపితే మెట్ల మీదే చిరుగుతాయి.